కంప్యూటర్లో మన కొండలు
(రోలర్ కోస్టర్ సాఫ్ట్‌వేరు నేర్పే నేల పాఠం)



తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కని వాళ్ళు మనలో ఉండరు. విహారయాత్రకు బెంగళూరో, హైదరాబాదో వెళ్ళి వచ్చినవాళ్ళు రోలర్ కోస్టర్ కూడా చూసే ఉంటారు. పట్టాల మీద పెట్టెల వరుస ఒకటి మెల్లగా పైకి పాకుతుంది. కొన వరకు చేరి, ఒక్కసారిగా కిందికి దూకి, వంపులు తిరుగుతూ మళ్ళీ మొదటి చోటికి వచ్చి ఆగుతుంది. చాలా కోస్టర్లలో ఆ పెట్టెలకు ఇంజను ఉండదు. గొలుసుతో ఒకసారి పైకి లాగి వదిలితే, ఆపైన పని అంతా భూమ్యాకర్షణ శక్తిదే.

ఇలాంటి పట్టాలను కంప్యూటర్లో గీసి, రైలు నడిపి చూసే సాఫ్ట్‌వేర్లు చాలా కాలంగా ఉన్నాయి. 1999లో రోలర్ కోస్టర్ టైకూన్, 2001లో నోలిమిట్స్, 2014లో నోలిమిట్స్ 2, 2016లో ప్లానెట్ కోస్టర్ వచ్చాయి. వీటిలో నోలిమిట్స్ ఆటకన్నా ఇంజనీరింగుకు దగ్గరగా ఉంటుంది. రైలు వేగం, మనిషి మీద పడే బలం ప్రతి అడుగులోనూ లెక్కగట్టి చూపుతుంది.

వీటిని తెరవగానే కనిపించేది బల్లపరుపు పచ్చిక నేల. దాని బదులు మన శేషాచలం కొండ వాలునో, చంద్రగిరి గుట్టనో, మన ఊరి మిట్టనో ఉన్నది ఉన్నట్టు పెట్టుకోవచ్చా? పెట్టుకోవచ్చు. దానికి కావలసిన కొలతలు ఉచితంగానే దొరుకుతాయి. అది ఎలాగో, ఆ కొలతలు ఎక్కడ సరిపోవో, ఇందులో మనకు ఒరిగేదేమిటో ఈ వ్యాసంలో చెప్పాలనుకున్నాము.

ముందుగా ఒక మాట. తిరుమల కొండ మీద ఆటరైలు కట్టాలని మేము చెప్పడం లేదు. అది భక్తుల కొండ, పైగా 1989 నుంచి శ్రీవేంకటేశ్వర జాతీయ వనం, 2010 నుంచి శేషాచలం జీవావరణ రిజర్వు. కంప్యూటర్లో చేసే పని నేలను చదవడం నేర్చుకోవడానికి మాత్రమే.

నేలకూ రైలుకూ ఉన్న చుట్టరికం

బల్లపరుపు చోట 40 మీటర్ల దూకుడు కావాలంటే 40 మీటర్ల ఇనుప గోపురం కట్టాల్సిందే. వాలు నేల ఉంటే అంత కట్టనక్కరలేదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కింగ్స్ ఐలాండ్ పార్కులో 1979లో 'ది బీస్ట్' అనే కొయ్య కోస్టర్ను అడవి లోయల మీదుగా కట్టారు. దాని ఎత్తు 110 అడుగులే కానీ, అందులోని పెద్ద దూకుడు 141 అడుగులు. మిగతా లోతు నేలే ఇచ్చింది.

ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్ పార్కుది ఇంకో కథ. అక్కడ చెట్ల తలలు దాటి ఏదీ కట్టకూడదని నిబంధన. అందుకని నేలను తవ్వి, ఆ గుంతల్లో 1994లో 'నెమెసిస్' కట్టారు. దాని ఎత్తు 13 మీటర్లు, దూకుడు దాదాపు 32 మీటర్లు. పాత పట్టా తీసేసి అదే దారిలో కొత్త పట్టా వేసి 2024లో మళ్ళీ తెరిచారు.

ఈ దూకుడుకూ వేగానికీ ఉన్న లెక్క మన బడి భౌతికశాస్త్రమే. దూకిన ఎత్తును 2 తోనూ, 9.8 తోనూ గుణించి వర్గమూలం తీస్తే వేగం వస్తుంది. 32 మీటర్లకు సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్లు. నెమెసిస్ అసలు వేగం గంటకు 81 కిలోమీటర్లు. ఆ తేడా గాలి, చక్రాల రాపిడి తిన్నది. కాబట్టి నేల ఎత్తు తప్పయితే వేగం తప్పవుతుంది. వేగం తప్పయితే వంపులన్నీ తప్పవుతాయి. నేలను సరిగా తేవాలనడం అందం కోసం కాదు, లెక్క కోసం.

ఎత్తుల పటం అంటే చుక్కల ముగ్గే

కంప్యూటరు కొండను కొండగా దాచుకోదు. మన ఇళ్ళ ముందు పెట్టే చుక్కల ముగ్గును తలచుకోండి. వరుసకు ఇన్ని చుక్కలని సమాన దూరంలో పెడతారు. ఇప్పుడు ఒక్కో చుక్క పక్కన 'ఇక్కడ నేల సముద్రమట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు' అని ఒక అంకె రాశామనుకుందాం. అదే ఎత్తుల పటం. చుక్కకూ చుక్కకూ మధ్య కంప్యూటరు వాలుగా గుడ్డ పరచినట్టు నేలను పరుస్తుంది.

ఈ అంకెలనే బొమ్మగా కూడా దాచవచ్చు. పల్లం నలుపు, శిఖరం తెలుపు, మధ్యవన్నీ బూడిదరంగు ఛాయలు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. మామూలు నలుపు తెలుపు బొమ్మలో 256 ఛాయలే ఉంటాయి. వేయి మీటర్ల ఎత్తు తేడాను వాటికి పంచితే ఒక్కో ఛాయకు దాదాపు 4 మీటర్లు వస్తుంది. అప్పుడు నున్నటి వాలు కాస్తా అలిపిరి మెట్లదారిలా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అందుకే 16 బిట్ల బొమ్మ వాడాలి. అందులో 65,536 ఛాయలు ఉంటాయి కనుక ఒక్కో ఛాయకు ఒకటిన్నర సెంటీమీటరు చాలు.

ఈ ఎత్తులు కొలిచింది ఎవరు?

మన దేశంలో నేలను శాస్త్రీయంగా కొలిచే మహా త్రికోణమితి సర్వే 1802లో మనకు దగ్గరలోని మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలైంది. కొలతల గొలుసులు, కోణాలు చూసే బరువైన థియోడొలైటు యంత్రాలు మోసుకుని మనుషులు గుట్ట గుట్టా ఎక్కారు. తర్వాత సర్వే ఆఫ్ ఇండియా గీసిన టోపోషీట్లలో సమాన ఎత్తు ఉన్న చోట్లను కలుపుతూ గీతలు ఉంటాయి. సాంఘిక శాస్త్రంలో మనం చదివే కాంటూరు రేఖలు అవే. 50,000కు 1 స్కేలు పటంలో సాధారణంగా 20 మీటర్లకు ఒక గీత. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే నిటారు, దూరంగా ఉంటే మెల్లని వాలు.

రెండో పెద్ద కొలత ఆకాశం నుంచి జరిగింది. 2000 ఫిబ్రవరి 11న అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ బయలుదేరి, 60 మీటర్ల పొడవైన కమ్మీని బయటికి చాచింది. నౌకలో ఒక రాడారు, కమ్మీ కొనలో ఇంకొక యాంటెన్నా. మన రెండు కళ్ళు దూరాన్ని పసిగట్టినట్టే ఆ రెండూ కలిసి నేల ఎత్తును పసిగట్టాయి. 11 రోజుల ఆ యాత్రలో భూమి మీది నేలలో దాదాపు 80 శాతాన్ని కొలిచారు. దీన్ని ఎస్.ఆర్.టి.ఎం. అంటారు. మొదట మన ప్రాంతానికి 90 మీటర్లకు ఒక చుక్క చొప్పున ఇచ్చేవారు. 2014 నుంచి దశలవారీగా 30 మీటర్లకు ఒక చుక్క చొప్పున అందరికీ ఉచితంగా ఇచ్చారు.

మూడోది మన సొంతం. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. సి-6 రాకెట్టు కార్టోశాట్-1 ఉపగ్రహాన్ని పైకి చేర్చింది. దానికి రెండు కెమెరాలు. ఒకటి కాస్త ముందుకు, ఒకటి కాస్త వెనక్కు చూస్తూ ఒకే చోటును రెండు కోణాల్లో ఫోటో తీసేవి. ఆ జంట ఫోటోల నుంచి తయారైన ఎత్తుల పటం హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం వారి 'భువన్' ద్వారా దొరుకుతుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు శ్రీహరికోట కూడా ఈ జిల్లాలోకే వచ్చింది. అంటే మన కొండలను ఆకాశం నుంచి కొలిచిన కన్ను ఇప్పటి మన జిల్లా నుంచే ఎగిరింది.

మన ఊరు ఏ పలకలో ఉంది?

ఎస్.ఆర్.టి.ఎం. కొలతలను ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం ఉన్న పలకలుగా కోసి ఇస్తారు. పలక నైరుతి మూల ఏదో దాన్నిబట్టి పేరు. 30 మీటర్ల రకంలో ఒక్కో పలకకు 3,601 వరుసలు, వరుసకు 3,601 చుక్కలు.

ఉత్తరం 13, తూర్పు 79 పలక: తిరుపతి, తిరుమల, చంద్రగిరి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, సత్యవేడు.
ఉత్తరం 13, తూర్పు 78 పలక: మదనపల్లె, హార్సిలీ కొండలు, పుంగనూరు, పలమనేరు, పీలేరు.
ఉత్తరం 12, తూర్పు 78 పలక: కుప్పం.
ఉత్తరం 13, తూర్పు 80 పలక: సూళ్ళూరుపేట, శ్రీహరికోట.
ఉత్తరం 14, తూర్పు 79 పలక: గూడూరు.

పాత టోపోషీట్ల లెక్కలో మొదటి పలకంతా '57 ఓ' షీటు. అందులో తిరుపతి 57 ఓ/6 లోనూ, చిత్తూరు 57 ఓ/4 లోనూ వస్తాయి. కాగితపు పటాన్నీ కంప్యూటరు పటాన్నీ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడానికి ఇది బాగా పనికొస్తుంది.

చేసే పద్ధతి

1. చోటు ఎంచుకోవాలి. కోస్టరు పట్టా మామూలుగా ఒకటి రెండు కిలోమీటర్లకు మించదు. కనుక రెండు కిలోమీటర్ల చదరం చాలు. 30 మీటర్లకు ఒక చుక్క చొప్పున వరుసకు 67 చుక్కలు, మొత్తం దాదాపు 4,500 చుక్కలు. పాత కంప్యూటరు కూడా మోయగల బరువే.

2. ఆ చోటు ఉన్న పలకను దించుకోవాలి. అమెరికా భూగర్భ సర్వే వారి దగ్గర గానీ, భువన్‌లో గానీ పేరు నమోదు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు.

3. క్యూజిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో తెరిచి, కావలసిన చదరం కోసుకోవాలి. డిగ్రీలను మీటర్లుగా మార్చడం కూడా ఇక్కడే. యు.టి.ఎం. పద్ధతిలో తిరుపతి, చిత్తూరు 44వ మండలంలో వస్తాయి. మన అక్షాంశంలో చుక్కల దూరం ఉత్తర దక్షిణాలుగా 30.7 మీటర్లు, తూర్పు పడమరలుగా 30 మీటర్లు. తేడా చాలా చిన్నది. నార్వే వంటి ఉత్తర దేశాల్లో ఈ మార్పిడి మరిచిపోతే కొండ రెండింతలు వెడల్పుగా సాగిపోతుంది.

4. దాన్ని 16 బిట్ల బూడిదరంగు బొమ్మగా దాచుకోవాలి. నలుపు ఎన్ని మీటర్లో, తెలుపు ఎన్ని మీటర్లో పుస్తకంలో రాసి పెట్టుకోవాలి.

5. నోలిమిట్స్ 2 లోకి ఆ బొమ్మను తీసుకుని, చదరం పక్క పొడవు, ఎత్తు తేడా సరిగ్గా ఇవ్వాలి. కొండ గొప్పగా కనిపించాలని ఎత్తును రెట్టింపు చేయాలనిపిస్తుంది. చేయవద్దు. ఎత్తు రెండింతలైతే వేగం 1.41 రెట్లవుతుంది, వంపులో పక్కకు తోసే బలం రెండింతలవుతుంది.

6. తెలిసిన ఎత్తుతో సరిచూడాలి. తిరుమల కొండపైన సుమారు 850 మీటర్లు, కింద తిరుపతి సుమారు 160 మీటర్లు. మీ గుట్టకైతే టోపోషీటులో శిఖరం పక్కన ఉన్న అంకె చూడండి. అది కుదిరాకే పట్టా గీయడం మొదలుపెట్టాలి.

పాత కంప్యూటర్లు ఉన్నచోట రోలర్ కోస్టర్ టైకూన్ 2 కు వచ్చిన ఓపెన్ ఆర్.సి.టి.2 కూడా ఎత్తుల బొమ్మను తీసుకుంటుంది. అసలు ఆట మాత్రం కొని ఉండాలి. అందులో నేల గడులు గడులుగా, మెట్లుగా వస్తుంది. ఆడుకోవడానికి సరే, లెక్కకు చాలదు.

కొలత సరిపోని చోట్లు

మన కొండల వల్లనే ఈ విషయం బాగా అర్థమవుతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో పోతుంటే పైన నిట్టనిలువు రాతి చరియలు కనిపిస్తాయి. కింద పాత గ్రానైటు, దాని మీద నగరి క్వార్ట్‌జైటు పొరలు. ఆ రెండు రాళ్ళ వయసుల మధ్య కనీసం 50 కోట్ల ఏళ్ళ ఖాళీ ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. భారత భూగర్భ సర్వే దీన్ని జాతీయ భూగర్భ స్మారక స్థలంగా గుర్తించింది. ఇంత పేరున్న చరియ ఎత్తుల పటంలో మెత్తబడిపోతుంది. 30 మీటర్ల దూరంలో ఉన్న రెండు చుక్కల మధ్య 50 మీటర్ల నిలువు చరియ ఉందనుకోండి. కంప్యూటరు దాన్ని 59 డిగ్రీల వాలుగా పరుస్తుంది. చరియ అంచు నుంచి దూకే పట్టా గీసిన వాడికి రైలు నేలలో దూరినట్టు కనిపిస్తుంది. అక్కడ ఫోటోలు చూసి చేత్తో సరిదిద్దాల్సిందే.

శిలాతోరణం సంగతి ఇంకా విచిత్రం. సుమారు 25 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఆ సహజమైన రాతి వంపు ఎత్తుల పటంలో అసలు ఉండదు. కారణాలు రెండు. చుక్కల మధ్య దూరం కన్నా అది చాలా చిన్నది. రెండోది, ఒక చుక్కకు ఒకే ఎత్తు రాయగలం. తోరణం దగ్గర కింద నేల, మధ్య ఖాళీ, పైన రాయి ఉన్నాయి. ఒక అంకెతో ఆ మూడూ చెప్పలేము. ఎంత మంచి ఉపగ్రహంతో కొలిచినా ఈ పద్ధతిలో తోరణం రాదు. దాన్ని విడిగా బొమ్మ చేసి అక్కడ నిలబెట్టాలి. నేలను ఘనపు ముక్కలుగా దాచుకునే ప్లానెట్ కోస్టర్ వంటి ఆటల్లో గుహలు, తోరణాలు తొలచవచ్చు.

ఇంకా రెండున్నాయి. ఆ రాడారు కిరణాలు దట్టమైన చెట్ల కింది నేల వరకు పూర్తిగా దిగవు. అందువల్ల అడవి ఉన్నచోట నేల కొన్ని మీటర్లు ఎక్కువగా కనిపించవచ్చు. పైగా ఆ కొలత 2000 నాటిది. 2021 నవంబరు వానలకు కోతపడిన వాలులు గానీ, 2023లో తిరుపతిలో పూర్తయిన శ్రీనివాస సేతు గానీ అందులో ఉండవు.

ఘాట్ రోడ్డే పట్టా అయితే?

పిల్లలు తరచూ అడిగే ప్రశ్న ఇది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు పొడవు సుమారు 19 కిలోమీటర్లు, అందులో 36 ఇరుకు మలుపులు. సుమారు 690 మీటర్ల ఎత్తును 19 కిలోమీటర్లకు పంచారు కనుక 27 మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కుతాం. బస్సు ఎక్కడానికి తగిన వాలు అది.

అదే దారిలో బ్రేకు లేని రైలు వదిలితే? 30 మీటర్ల ఎత్తు దిగేసరికి, రాపిడి లెక్కలోకి తీసుకోకపోతే, సెకనుకు 24 మీటర్ల వేగం. మలుపు అర్ధవ్యాసం 15 మీటర్లు అనుకుంటే, వేగం వర్గాన్ని అర్ధవ్యాసంతో భాగించాలి. 576ను 15తో భాగిస్తే 38. భూమ్యాకర్షణకు దాదాపు నాలుగింతల బలం పక్కకు తోస్తుంది. 50 కిలోల పిల్లవాడి మీద 200 కిలోల బరువు పక్కనుంచి పడ్డట్టు. మలుపును 40 మీటర్ల అర్ధవ్యాసానికి పెంచితే అది ఒకటిన్నర రెట్లకు దిగుతుంది. పట్టాను లోపలికి వాల్చితే ఆ బలం మనిషిని పక్కకు తోయకుండా సీటులోకి అదుముతుంది. రైలు పట్టా గీసేవాళ్ళు చేసేది ఇదే.

బస్సు మెల్లగా ఎక్కాలి కనుక రోడ్డు వేసినవాళ్ళు మలుపులు పెట్టి వాలు తగ్గించారు. రైలు వేగంగా పోవాలి కనుక కోస్టరు గీసేవాళ్ళు వాలు ఉంచి మలుపులు విప్పుతారు. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డులో ఇరుకు మలుపులు బాగా తక్కువ. కొండ ఒక్కటే, దాన్ని అడిగే ప్రశ్నలు వేరు.

కంప్యూటరు లేకపోతే

అట్టముక్కలతోనూ చేయవచ్చు. టోపోషీటులో రెండు కిలోమీటర్ల చదరాన్ని అయిదింతలు పెద్దది చేసి గీసుకోండి. స్కేలు 10,000కు 1 అవుతుంది. అప్పుడు చదరం 20 సెంటీమీటర్లు. 20 మీటర్ల కాంటూరు రేఖకు సరిగ్గా 2 మిల్లీమీటర్ల అట్ట. ఒక్కో రేఖ వెంట ఒక అట్ట కత్తిరించి పేర్చితే, 200 మీటర్ల గుట్టకు పది అట్టలు. దాని మీద ఇనుప తీగ వంచి పట్టా వేయండి. కాంటూరు పాఠం పుస్తకం మూసినా మనసులో ఉండిపోతుంది.

ఇందులో మనకేమిటి?

ఆట కోసం ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. మనం పుట్టిన ఊళ్ళను ఎవరో కొలిచారు, ఎవరో గీశారు, ఎవరో పేర్లు రాశారు. మన తాతలు కొలతగొలుసు మోసినవాళ్ళే కానీ పటం చదివినవాళ్ళు కారు. ఇప్పుడు అవే అంకెలు మన చేతికి ఉచితంగా అందుతున్నాయి. ఇంజనీరింగు చదవబోయే వాళ్ళకే కాదు, సర్వే, గనులు, నీటిపారుదల, రోడ్లు, అడవులు ఏ శాఖకు పోయేవాళ్ళకైనా ఎత్తుల పటం చదవడం రావాలి.

ఇంకొక సంగతి. కోస్టరు ఎటు జారుతుందో చెప్పే పటమే వాననీరు ఎటు పారుతుందో కూడా చెబుతుంది. చాలా ఊళ్ళలో మన వాడలు పల్లంలోనే ఉన్నాయి. వంక పొంగితే మొదట నీళ్ళు వచ్చేది అక్కడికే. అది అందరికీ తెలిసినదే, కానీ అర్జీలో రాయాలంటే అంకె కావాలి. 30 మీటర్ల పటంతో వీధి కాలువ నిర్ణయించలేము, అందులో కొన్ని మీటర్ల తేడా ఉండవచ్చు. దానికి లెవెల్ యంత్రంతో కొలవాలి. అయితే ఏ అంకె అడగాలో, ఇచ్చిన అంకెను ఎంతవరకు నమ్మాలో తెలిసినవాడి మాటను తోసిపుచ్చడం కష్టం.

పాత మిత్రులకు మా మనవి. మీ దగ్గర పక్కన పడి ఉన్న కంప్యూటర్లుంటే, సెలవుల్లో రెండు రోజులు తీరిక ఉంటే, హాస్టలుకు రండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు ముందుగా మీ ఊరి గుట్ట ఏ పలకలో ఉందో, దాని శిఖరం ఎన్ని మీటర్లో కనుక్కుని రాసి పెట్టండి. పట్టా ఆ తర్వాత గీద్దాం.